ఇరవై తొమ్మిదో గది గోడ

ఆ ఒక్క గోడ కోసం మూడు వారాలు బుర్ర బద్దలు కొట్టుకున్నాడట! నిండు సభలో, మైకు పట్టుకుని, కళ్లార్పకుండా చెప్పాడు నా మరిది. ముందు వరసలో కూర్చున్న నాకు ఒళ్లు మండిపోయింది.

పాతకాలపు వీడియో గేముల ప్రదర్శన అది. టీవీకి తగిలించి ఒక్కళ్లే కూర్చుని ఆడుకునే మా గేము క్యాసెట్‌ను అద్దాల పెట్టెలో పెట్టారు. అందులో చీమను నెడితే గోడ తగిలేదాకా జారిపోతుంది. దాన్ని ఎలాగోలా గుమ్మం చేర్చాలి. మొత్తం నలభై గదులు. అన్నిట్లోకీ ఇరవై తొమ్మిదోదే గడ్డుదని ఆడినవాళ్లంతా చెప్పుకుంటారు. పెట్టె కింద పలక మీద 'సృష్టికర్త' అని మరిది పేరొక్కటే ఉంది.

ఆ నలభై గదులూ గీసింది నేను. కుట్టుపని మధ్యలో, మిషను పక్కనే పెట్టుకుని, ఎంబ్రాయిడరీ డిజైన్లు వేసుకునే గళ్ల పుస్తకంలో పెన్సిలుతో గోడలు నింపాను. నల్లగా కనిపించిన ప్రతి గడినీ మరిది గోడగా కంప్యూటర్లోకి ఎక్కించాడు. అదీ ఆయనగారి సృష్టి! నా పేరేదని అడిగితే, "క్యాసెట్లో చోటు చాల్లేదు వదినా" అన్నాడు. తన పేరుకు మాత్రం చోటు భేషుగ్గా దొరికింది. "పోనిద్దూ, మనవాడే కదా" అన్నారు మా ఆయన. నేనూ ఊరుకున్నాను. అందుకు ఇప్పటికీ నన్ను నేనే తిట్టుకుంటాను.

పుస్తకం సంచిలో వేసుకునే వచ్చాను. తీసుకుని వేదికెక్కాను.

"ఇప్పుడెందుకు వదినా ఇవన్నీ? ఇంటి సంగతి ఇంట్లో మాట్లాడుకుందాం," మరిది గొణిగాడు.

"ఇంట్లో ముప్పై ఎనిమిదేళ్లు మాట్లాడనిచ్చావా?"

ప్రదర్శన చూసుకునే అమ్మాయి కంగారుగా దగ్గరికొచ్చింది. ఇరవై తొమ్మిదో గది గీసిన పేజీ తీసి ఆమె చేతికిచ్చాను. "లైటుకి అడ్డంగా పట్టుకుని చూడమ్మా."

పెన్సిలు గడులన్నీ నల్లగానే ఉన్నాయి. మరిది మూడు వారాలు ఆలోచించిన గడి ఒక్కటీ పసుప్పచ్చగా వెలిగింది.

"ఇది పెన్సిలు కాదండీ. నూనె మరక!" అంది.

"మిషనుకి వేస్తుంటే చుక్క జారింది. ఈయన దాన్నీ గోడ చేశాడు. బయటికెళ్లే సులువు దారి కాస్తా మూసుకుపోయింది. తప్పు పడిందయ్యా అని అప్పుడే చెప్పాను. 'ఎవడు చూడొచ్చాడ్లే' అన్నాడు."

హాల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. మరిది మైకు బల్ల మీద పెట్టేసి, మంచినీళ్ల కోసం వెతుక్కున్నాడు.

"పలక మార్పిస్తానండీ. మొత్తం మీ పేరే రాయించనా?" అడిగిందా అమ్మాయి.

"ముప్పై తొమ్మిది గదులకీ నా పేరు రాయించు. ఇరవై తొమ్మిదో గదిలో ఆ గోడ నేను పెట్టలేదు. నాది కానిది నాకెందుకు? దాన్ని మా మరిదీ నా కుట్టుమిషనూ పంచుకుంటారు."