జాలిపడేవాళ్ళు లోపలికి

చూరు కారుతోంది.

టప్... టప్... టప్.

పొద్దుటి నుంచీ అదే. నిన్నా అదే. మొన్నా అదే.

డిసెంబరు ఇరవై మూడు. మారమురేష్ కొండల్లో ఈపాటికి బావి తాడు కర్రలా బిగుసుకుపోవాలి. మీసాలకి మంచు పట్టాలి. అడుగేస్తే నేల కిర్రుమనాలి. కిర్రుమనడం లేదు — చప్పరిస్తోంది. బురద. గుమ్మం ముందు బురద, కొట్టు ముందు బురద, చర్చికి పోయే దారంతా బురద.

వరండాలో నిలబడి సావేత ఆకాశం వైపు చూసింది. సంతలో పుచ్చు అక్రోట్లు కుప్పపోసి కూర్చున్నవాణ్ణి చూసినట్టు చూసింది.

థూ.

ఇదీ ఒక చలికాలమేనా?

ముప్పై ఏళ్ళుగా అక్రోట్లు, ఎండబెట్టిన రేగుపళ్ళు అమ్మే మనిషి. కాయని అరచేతిలో పట్టుకుంటే చాలు, లోపల పప్పుందో లేదో చెప్పేస్తుంది. ఈ చలికాలాన్నీ అరచేతిలోకి తీసుకుని చూసింది. తేలిక. డొల్ల. పైన పేరు, లోపల గాలి.

వానకి సిగ్గు లేదు. పొగమంచుకి వెన్నెముక లేదు. ఒక రోజు మంచు పడింది — పడిందంటే పడింది. కోడి ఈకలు దులుపుకున్నట్టు నాలుగు పలుకులు. మధ్యాహ్నానికి అవీ లేవు.

చలి బిగుసుకోకపోతే పందిని కోయడానికి లేదు. కోసిన మాంసం పెరటి కొట్టుగదిలో వేలాడాలి. కొట్టు గడ్డకట్టకపోతే మూడో రోజుకే వాసన. పందిని కోయకపోతే క్రిస్మస్ బల్ల మీద ఏముంటుంది? క్యాబేజీ ఆకుల్లో ఏం చుడతారు? గాలా?

ఊరు ఊరంతా ఆనవాయితీ ప్రకారం ఇరవయ్యో తారీఖున, ఇగ్నాత్ పండగనాడే, ఆ బురదలోనే కోసేశారు. తొందరగాళ్ళు. ఇప్పుడు ఉప్పు కోసం ఒకరింటికి ఒకరు పరుగులు.

సావేత ఆగింది. చలి వస్తుందిలే, రాక ఎక్కడికి పోతుంది అంది.

రాలేదు.

"ఏం సావేతా, ఇంకా వానతో బేరాలేనా?" — కంచె అవతలి నుంచి గవ్రీలా. పొరుగువాడు. నోటికి గడియ లేని మనిషి. "ఇగ్నాత్ ముందు రాత్రి పందికి కలలో కత్తి కనబడుతుంది. మర్నాడు కోయలేదనుకో, బెంగతో చిక్కిపోతుంది. చూస్తూ ఉండు, క్రిస్మస్ నాటికి నీ పంది మా పిల్లి అంత అవుతుంది."

"నా పంది గోల నీకెందుకు? నీ కొట్లో మాంసం ముక్కు మూసుకుని తినాలో, కళ్ళు మూసుకుని తినాలో అది ఆలోచించుకో, పో."

వాడు నవ్వాడు. వాడెప్పుడూ నవ్వుతాడు. వానా, వాడూ — రెండూ ఒక్కలాంటివే. పని చెయ్యవు, ఆగవు.

కానీ ఇక ఆగడానికి లేదు. తమ్ముడొస్తున్నాడు.

సిమియోన్. పెళ్ళాంతో, ఇద్దరు ఆడపిల్లలతో. ఆరేళ్ళ తర్వాత.

ఆరేళ్ళు...

అప్పటిదాకా ఈ ఇంట్లో పందిని కోసే చెయ్యి వాడిదే. నాన్న దగ్గర నేర్చుకున్న చెయ్యి. ఒక్క పోటు. ఆ ఏడు మాత్రం పంది ప్రాణం పోలేదు. అరుస్తూనే ఉంది. ఊరు సగం కంచె దగ్గర చేరింది. అక్కడ అందరికీ తెలిసిన సంగతే — కోసే చోట దాని మీద జాలిపడే మనిషి ఉండకూడదు. ఉంటే ప్రాణం తొందరగా పోదు. మాంసమూ బాగుండదు.

ఎవరు? ఎవరు జాలిపడింది?

అందరూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

సావేత వేలు లేచింది.

"వాడే! చిన్నప్పట్నించీ అంతే. కోడిపిల్ల చచ్చినా అన్నం మానేసేవాడు."

నవ్వనివాళ్ళు లేరు. దూదిగుండె అని ఆ రోజే పేరు పెట్టాడు గవ్రీలా. సిమియోన్ చేతులు కడుక్కున్నాడు. కోసినవాళ్ళకి ఆ పూటే వేయించి పెట్టే మాంసం ముట్టలేదు. బస్సెక్కాడు.

అంతే.

ఆ పందికి తొమ్మిది నెలలు తవుడు కలిపి పోసింది ఎవరు? చెవి వెనక గోకింది ఎవరు? పందికి పేరు పెట్టకూడదని తెలిసీ, ఎవరూ లేనప్పుడు పేరు పెట్టి పిలిచింది ఎవరు? ఆ అరుపు వింటూ లోలోపల దాన్ని వదిలెయ్యండని వేడుకుంది ఎవరు?

సావేతకి తెలుసు.

అప్పటికి మొగుడు పోయి నాలుగు నెలలు. ఒంటరి ఆడది. మెత్తని మనిషని తెలిస్తే సంతలో ఒక్కడైనా సరైన తూకం వేస్తాడా? తమ్ముడి పరువు త్రాసులో ఒక పళ్ళెంలో పెట్టింది. తన పేరు ఇంకో పళ్ళెంలో పెట్టింది. రెప్పపాటు పని.

పుచ్చు అక్రోట్లు అమ్మేవాడు నయం. ధరైనా తగ్గిస్తాడు.

ఈసారి పందికి పేరు పెట్టలేదు. పెట్టలేదని రోజూ తనకి తనే చెప్పుకుంది. మూడు రోజులు ఆగింది చలి కోసమేనని కూడా చెప్పుకుంది.

టప్... టప్...

ఆరేళ్ళుగా వచ్చి కోసిపెడుతున్న మనిషి ఏటికి అవతల ఉంటాడు. ఏరు పొంగి నిన్న కర్రల వంతెనని పట్టుకుపోయింది. డిసెంబరులో వరద! ఈ చలికాలానికి ఇంకా ఏం మిగిలింది, అక్రోటు చెట్లు పూయించడం తప్ప?

మధ్యాహ్నం బస్సు దిగారు. మోకాళ్ళ దాకా బురద. సిమియోన్ జుట్టు నెరిసింది.

"బావున్నావా అక్కా?"

"కనబడట్లా? రండి, కాళ్ళు కడుక్కోండి."

ఆరేళ్ళకి ఆ మాత్రం మాటలు. తర్వాత వాడే గూట్లోంచి నాన్న కత్తి తీశాడు. అడగలేదు. ఆకురాయి మీద నీళ్ళు చల్లుకున్నాడు. కిందికీ పైకీ... కిందికీ పైకీ. మరదలు పొయ్యి మీద నీళ్ళు పెట్టింది. వెంట్రుకలు కాల్చడానికి అటక మీంచి పొడి గడ్డి దించారు. గడ్డకట్టని మాంసాన్ని ఏం చెయ్యాలి? ఉప్పు తొట్టిలో పాతెయ్యాలి. అంతే గతి.

పంది కాళ్ళు పట్టుకోవడానికి గవ్రీలా వచ్చాడు, అల్లుణ్ణి వెంటబెట్టుకుని. పిలిస్తే వచ్చాడు. పిలవకపోయినా వచ్చేవాడే.

ముసురు. బురద మధ్యలో పంది. దాని ముక్కు మీదుగా నీళ్ళు కారుతున్నాయి. అది సావేతనే చూస్తోంది — తవుడు పోసే చేతుల్ని.

సావేత కొట్టు తలుపు వైపు చూసింది. ఉప్పు వైపు చూసింది. ఆకాశం వైపు చూసింది. దాని వైపు మాత్రం చూడలేదు.

"ఆఁ, జాలిపడేవాళ్ళెవరైనా ఉంటే లోపలికి పోండి!" గవ్రీలా గట్టిగా అరిచాడు. అది ప్రతి ఇంట్లో అనే మాటే. కానీ వాడి కళ్ళు సిమియోన్ మీదున్నాయి. "కత్తి ఇటియ్యవోయ్ దూదిగుండె. నువ్వెళ్ళి పిల్లలకి రొట్టె ముక్కలు కోసిపెట్టు. అదైతే అరవదు."

అల్లుడు కిసుక్కుమన్నాడు.

సిమియోన్ కత్తిని ప్యాంటుకి అటూ ఇటూ తుడిచాడు. తిప్పి పట్టుకున్నాడు. పిడి గవ్రీలా వైపుకి చాపాడు.

లొంగిపోవడం అలవాటైపోయిన చెయ్యి.

వరండాలో వాడి పెద్ద కూతురు. పదేళ్ళది. కొయ్య స్తంభాన్ని పట్టుకుని అంతా చూస్తోంది. దూదిగుండె అన్న మాట మొదటిసారి వింటోంది.

సావేత ఏమీ చెయ్యక్కర్లేదు. ఊరుకుంటే చాలు. ఊరుకోవడమంత సులువైన పని లోకంలో లేదు. ఆరేళ్ళు చేసింది.

గవ్రీలా వేళ్ళు పిడికి తగిలాయి.

"కత్తి వాడి దగ్గరే ఉండనీ."

గొంతు సావేతదే.

"అదేంటి, జాలిపడేవాళ్ళు లోపలికి —" అన్నాడు గవ్రీలా.

"పోతున్నా కదా."

వెనక్కి తిరిగింది. వరండాకి మూడు మెట్లు. బురద కాళ్ళతోనే ఎక్కింది. సంతలో ముప్పై ఏళ్ళు మోసుకొచ్చిన పేరు... మూడు మెట్లు. వెనకాల ఎవరూ నవ్వలేదు. గవ్రీలా కూడా. తమ్ముడి మొహం చూడాలనిపించింది. చూడలేదు. చూసే ధైర్యం లేదు — అంతకంటే గొప్ప కారణం ఏమీ లేదు.

తలుపు మూసింది.

లోపల పొంగిన పిండి వాసన. ఆవిరి పట్టి కిటికీ తెల్లబడింది. ఏమీ కనబడదు. నయం.

తలుపు మళ్ళీ తెరుచుకుంది. పెద్దపిల్ల.

"అత్తా, జాలిపడేది నాన్న కదా? మరి నువ్వొచ్చావేం?"

బయట ఇంకా అరుపు లేదు.

సావేత ఆ పిల్ల రెండు చెవుల మీదా చేతులు పెట్టింది. తడి చేతులు. పెట్టాక అర్థమైంది — ఇప్పుడు తనేం చెప్పినా పిల్లకి వినబడదని.

తియ్యాలి. ముందు చేతులు తియ్యాలి...

చూరు కారుతోంది.