పాముకు చెప్పి వెళ్ళే దారి

పొద్దున్నే వదినా ఆడపడుచులిద్దరూ సైకిళ్ళు బయటికి తీసేసరికి వంటింట్లో బోర్లించిన గిన్నెల తడి ఇంకా ఆరేది కాదు. వదిన టైర్లు నొక్కి చూసేది, ఆడపడుచు గాలి కొట్టేది. పిల్లాణ్ణీ వాడి బడి సంచినీ వాళ్ళ నాన్నకి అప్పగించి, టిఫిన్ డబ్బాలు హ్యాండిళ్ళకు తగిలించుకుని, వెనక గేటు దాటి అడవి దారి పట్టేవాళ్ళు.

వదిన ఊళ్ళో పళ్ళ సెట్లు తయారుచేసే చోట పనిచేస్తుంది. మైనంలో పళ్ళు ఒక్కొక్కటే గుచ్చి, అద్దం ముందు పెట్టి, ఆ మనిషి నవ్వితే ఎలా ఉంటుందో ఊహించుకోవడం ఆమె పని. ఆడపడుచు నది ఒడ్డున మొక్కల నర్సరీలో అంట్లు కడుతుంది. ఇంట్లో అందరూ ఆమెను పిచ్చుక అంటారు. ముప్పై ఎనిమిదేళ్ళు నిండినా ఆ ముద్దుపేరు పోలేదు, పెళ్ళీ కాలేదు. అడవి మధ్యలో దారి రెండుగా చీలేదాకా ఇద్దరూ పక్కపక్కనే తొక్కేవాళ్ళు. అక్కడ వదిన ఎడమకి ఊరి వైపు, పిచ్చుక కుడికి నది వైపు తిరిగేది.

ఆ దారిన వెళ్ళేవాళ్ళు కొన్ని మర్యాదలు నేర్చుకోవాలి. జింక ఎదురైతే తొక్కడం ఆపి, చక్రాన్ని దాని మానాన దొర్లనివ్వాలి. తాబేలు కనిపిస్తే దిగి, అది ఏ వైపు చూస్తోందో ఆ వైపే దాటించాలి. వెనక్కి పెడితే పాపం మళ్ళీ మొదటి నుంచి బయల్దేరుతుంది. ఉడుము ఎండ కాచుకుంటుంటే దాని నీడ తొక్కకుండా పక్కనుంచి పోవాలి. పాము సంగతి మాత్రం వేరు. పాముకు మనలా చెవులుండవు కదా, బెల్లు ఎంత మోగించినా లాభం లేదు. దానికి ఏది తెలిసినా నేల గుండానే తెలుస్తుంది. అందుకని సైకిలాపి, ఒక కాలు నేల మీద ఆనించి, ఎక్కడికి వెళ్తున్నారో చెప్పాలి. మాట కాలిలోంచి నేలలోకి, నేలలోంచి పాము ఒంట్లోకి దిగుతుంది. చెప్పింది నిజమైతే తప్పుకుంటుంది. కాకపోతే కదలదు. ఇద్దరు కలిసి వెళ్తుంటే ఇద్దరూ చెప్పాలి, ఎవరి నిజం వాళ్ళది.

అది ఎవర్నీ కరిచింది లేదు, బుస కొట్టిందీ లేదు. దారికి అడ్డంగా తడిసిన మోకులా పడుకుని ఉంటుంది, అంతే. ఒకసారి గడియారాలు బాగుచేసే ఆయన లైబ్రరీకి వెళ్తున్నానని చెప్పి, ఎండ నడినెత్తికెక్కేదాకా నిలబడ్డాడు. చివరికి పేకాటకని ఒప్పుకున్నాడు. అప్పటికి వెనకాల మరో సైకిలు మీద వాళ్ళావిడ వచ్చి ఉంది. పాము ఆయనకు దారిచ్చింది గానీ ఆవిడ ఇవ్వలేదు.

ఆ నర్సరీ మొక్కల్ని నది ఎగువకు చేరవేసే లాంచీ ఒకటుండేది. దాన్ని నడిపే ఆయన మాటల పొదుపరి. మొక్కలు దింపాక ఖాళీ కుండీలు ఎవరైనా మట్టితోనే వెనక్కి పడేస్తారు, ఈయన మాత్రం శుభ్రంగా కడిగి, ఒకదాంట్లో ఒకటి అమర్చి తెచ్చేవాడు. అలా ఏళ్ళ తరబడి కుండీలు కడిగి కడిగి, పోయిన వారం పిచ్చుకతో ఒక్కమాట అన్నాడు. ఎగువన తనకి ఇల్లు కుదిరిందనీ, ఇక ఈ ఒడ్డుకి రావడం ఉండదనీ, ఆమెకి ఇష్టమైతే తనతో రావచ్చనీ. లాంచీ ఈ రోజు పొద్దున బయల్దేరుతుంది.

ఆ వారమంతా ఇంట్లో ఇదే గొడవ. వదిన తన కారణాలన్నీ చెప్పింది. ఎగువన చలెక్కువ, పిచ్చుకది ముందే దగ్గు ఒళ్ళు. నోరు విప్పని మనిషితో ఎలా వేగడం? కుండీలు కడిగినంత మాత్రాన మంచివాడైపోతాడా, అలాగైతే ఇంట్లో గిన్నెలు కడిగే తనకెవరూ దండ వెయ్యరేం? దానికి అందరూ నవ్వారు, పిచ్చుక కూడా నవ్వింది. అన్నయ్య మాత్రం దాని ఇష్టం దానిదన్నాడు. చివరికి పిచ్చుక, సరే, కాదనే చెప్తానంది.

నిజానికి వదిన ఈ ఇంటికి కోడలిగా వచ్చిన కొత్తలో గోడలతో మాట్లాడుకునేది. మొగుడు మంచివాడే, కానీ రెండు ముక్కల్లో సంభాషణ ముగించే రకం. పిచ్చుక వల్లనే ఆమెకు ఆ ఇల్లు ఇల్లయింది. పొద్దున సైకిళ్ళ మీద మొదలైన కబురు సాయంత్రం తిరిగొచ్చేటప్పుడు, వదిలిన చోటే అందుకునేవాళ్ళు.

ఈ రోజు పొద్దున చీలిక దగ్గర వదిన ఎడమకి తిరగలేదు.

"ఇటెక్కడికి?" అంది పిచ్చుక.

"ఇటునుంచీ పనికి వెళ్ళొచ్చు. కాస్త చుట్టు, అంతే."

పొగమంచు ఇంకా చెట్ల నడుముల దాకానే లేచింది. ఎక్కడో నది వైపు నుంచి లాంచీ మొదటి కూత వినిపించింది. మలుపు తిరగగానే పాము కనిపించింది. తల ఒక పొదలో, తోక ఇంకో పొదలో, నడుమంతా దారి మీద. ఇద్దరూ సైకిళ్ళాపి కాలు ఆనించారు.

"కాదని చెప్పడానికి వెళ్తున్నాను," అంది పిచ్చుక.

"నేను పనికి," అంది వదిన.

పాము కదల్లేదు. వదిన పిచ్చుక వైపు చూసింది. ఏదో దాస్తున్నావు, సరిగా చెప్పవే, నాకు ఆలస్యమవుతోందని సతాయించింది. పిచ్చుక మళ్ళీ చెప్పింది. ఆయన్ని చూడటానికి అంది. వీడ్కోలు చెప్పడానికి అంది. నది వైపు నుంచి రెండో కూత వచ్చింది. పిచ్చుక హ్యాండిల్ మీద గోరుతో గీస్తూ, వదినకి కాకుండా తన కాలికి చెప్పుకున్నట్టుగా అంది:

"అవునని చెప్పడానికి."

పాము తల పొదలోంచి బయటికొచ్చి నది వైపు తిరిగింది. నడుము మాత్రం అక్కడే ఉంది.

పిచ్చుక మొహంలోని నవ్వు వదిన ఎప్పుడూ చూడనిది. ఎన్ని వందల నోళ్ళకు నవ్వు అమర్చింది, ఇలాంటిది ఒక్కటీ చెయ్యలేదు. పాము చెప్పేదేదో సగం చెప్పేసింది. ఇక మిగిలింది తనే.

"పనికి," అంది వదిన మళ్ళీ, గొంతు పెంచి. ఆకు మీది నీటిబొట్టు కూడా జారలేదు.

"వదినా, రెండో కూత కూడా అయిపోయింది. ఇంకొక్కటే ఉంటుంది."

"తెలుసులేవే."

చాలాసేపు బూటు మొనతో మట్టిని పొడిచింది. అప్పుడు అంది, "దీన్ని ఆపడానికి వెళ్తున్నాను. ఆయన ముందు ఇది మెత్తబడితే పక్కనుండి, చెయ్యి పట్టుకుని వెనక్కి లాక్కురావడానికి. ఇది వెళ్ళిపోతే నాకు మాట్లాడటానికి మనిషుండదు."

పాము కదిలింది. తొందరేం లేనట్టు, అంత పొడుగు ఒళ్ళూ మడతలు మడతలుగా గడ్డిలోకి లాక్కుంది. దారి నది దాకా ఖాళీగా, తడిగా మెరిసింది.

పిచ్చుక కదల్లేదు. "ఆపుతావా మరి?"

"దానికి చెప్పేశాక ఇంకేం ఆపుతాను. మాట బయటపడిపోయింది కదా, ఇక పనిచెయ్యదు." వదిన తన మెడలో మఫ్లరు తీసి పిచ్చుక మెడకు చుట్టి, రెండు కొసలూ లోపలికి దోపింది. "ఎగువన చలి అన్నది మాత్రం అబద్ధం కాదు."

"అన్నయ్యకి?"

"నేను చెప్తాను. వెళ్ళు, నా మనసు మారకముందే వెళ్ళు."

పిచ్చుక పెడల్ మీద లేచి నిలబడి తొక్కింది. టిఫిన్ డబ్బా హ్యాండిల్‌కు కొట్టుకుంటూ పోయింది. మంచు ముందు చక్రాన్ని, తర్వాత మనిషిని, ఆఖరికి ఆ చప్పుణ్ణి కూడా దాచేసింది. కాసేపటికి మూడో కూత వచ్చింది. సైకిలు మాత్రం తిరిగి రాలేదు.

వదిన ఊరి వైపు తిరగబోతే, పాము ఈసారి ఆ దారికి అడ్డంగా పడుకుని ఉంది. ఆమె అలవాటుగా కాలు ఆనించింది.

"పనికే. ఈసారి నిజంగా."

పాము కదల్లేదు. వదినకి కోపం రాబోయి, నవ్వు రాబోయి, రెండూ కాకుండా పోయాయి. ల్యాబులో మైనం కరిగించి ఉంటారు, ఎవరో ముసలాయన పళ్ళు ఎదురుచూస్తుంటాయి, అదంతా నిజమే. కానీ ఇప్పుడు తను వెళ్తున్నది అక్కడికి కాదు.

"ఎక్కడైనా కూర్చుని ఏడవడానికి," అంది మెల్లగా.

పాము కదిలింది. అయితే వెళ్ళిపోలేదు. కాస్త పక్కకు జరిగి, ఒళ్ళు దగ్గరికి తీసుకుని, తన పక్కన ఒక మనిషి కూర్చునేంత చోటిచ్చింది.