కంటి ఎత్తు

అక్క ఆసుపత్రి నుంచి వచ్చే రోజుకి ముందుగది గోడ ముస్తాబై ఉండాలని మా బావ పట్టుబట్టాడు. పట్టు ఆయనది, చాకిరీ నాది. గోడలకు తగిలించే బొమ్మలు, అద్దాలు, కొవ్వొత్తి స్టాండ్లు అమ్మే దుకాణంలో నేను పనిచేస్తాను. అమ్మి చేతులు దులుపుకుంటే కుదరదు. కొన్నవాళ్ళ ఇంటికి వెళ్ళి, ఏది ఎక్కడ ఉంటే నప్పుతుందో చూసి, తగిలించి రావాలి. జనం కంటికి నచ్చిందల్లా కొనేసి ఒకే గోడకి ఎక్కించి, "ఎందుకోనండీ, కళగా లేదు" అంటారు. ఎందుకుంటుంది? ఇత్తడి స్టాండు పక్కన వెండిరంగు ఫ్రేము పెడితే, అవి మాటల్లేని తోడికోడళ్ళలా ఒకే గోడమీద ఎడమొహం పెడమొహంగా ఉంటాయి. అలా అని మొహమ్మీదే చెప్పేస్తాను. అందుకే మా యజమాని నన్ను కొట్లో కన్నా బయటే ఎక్కువ తిప్పుతాడు. బావ నన్ను 'కొలబద్ద' అని పిలుస్తాడు.

నా పనికి ఒక పద్ధతి ఉంది. మేకు కొట్టే ముందు, తగిలించబోయే ప్రతి వస్తువుకీ అదే కొలతలో పాత వార్తాపత్రికని కత్తిరించి, గోడకి టేపుతో అంటిస్తాను. ఇంట్లోవాళ్ళు కొన్నాళ్ళు ఆ కాగితాలతో కాపురం చేయాలి. వస్తూ పోతూ చూసుకోవాలి. నచ్చకపోతే కాగితం జరుపుకుంటారు, గోడకి చిల్లు పడదు. దుకాణం నియమం ఒకటే. బొమ్మ నడిమి భాగం కంటి ఎత్తున ఉండాలి. కొవ్వొత్తి మంట బొమ్మ కింది అంచుకి కాస్త పైన రావాలి. అప్పుడే వెలుగు బొమ్మమీద పడుతుంది.

అక్క బట్టలు కుడుతుంది. కుట్టేది అనాలో, కుడుతుంది అనాలో అప్పటికి నాకే తెలియదు. కుట్టిన కర్టెన్ల మూట పట్టుకుని మెట్లు దిగుతూ జారిపడింది. చేతులు బాగానే ఉన్నాయి. నడుము కింద స్పర్శ పోయింది. డాక్టరు ఆలుమగలిద్దరినీ కూర్చోబెట్టి, ఇక నడక రాదని, దాచకుండా చెప్పాడు. అక్క విని తలూపింది. బావ విన్నాడు గానీ చెవికెక్కించుకోలేదు.

పగలంతా మిషను దీపం కింద కళ్ళు మండేలా కుట్టి, సాయంత్రం కాగానే గదిలో లైటార్పి రెండు కొవ్వొత్తులు వెలిగించుకుని కూర్చోవడం అక్క అలవాటు. ఆ కాసేపూ ఎవరూ స్విచ్చు జోలికి వెళ్ళకూడదు. వెళ్తే ఎంతటివాళ్ళకైనా తిట్లు తప్పవు. మిగిలిపోయిన గుడ్డముక్కలతో ఆమె ఏళ్ళ తరబడి కుట్టిన బొమ్మ ఒకటి బీరువాలో చుట్టచుట్టి ఉండేది. ఒక వీధి, వరసగా ఇళ్ళు, ఒక కిటికీలో పిల్లి. బావ దానికి అద్దం వేసి ఫ్రేము కట్టించాడు. నేను ఆ ఫ్రేము రంగుకి తగ్గట్టు, గాజు చిమ్నీలున్న ఇత్తడి స్టాండ్లు రెండు ఎంచాను. మధ్యలో బొమ్మ, చెరో పక్కా ఒక స్టాండు. కాగితాలు అంటించి, వెనక్కి జరిగి చూసి, నాకు నేనే శభాష్ అనుకున్నాను.

అక్క చక్రాల కుర్చీలో వచ్చింది. బావ కుర్చీని తోసుకుంటూ తెచ్చి గోడకి ఎదురుగా ఆపాడు. ఆమె తలెత్తింది. ఇంకా ఎత్తింది.

"బాగుంది," అంది. "మెడ పట్టేసేలా ఉంది."

నేను నాలుక కరుచుకున్నాను. నిలబడేవాళ్ళ కంటికి కొలిచాను, అక్క కంటికి కాదు. వెంటనే స్టూలు లాక్కుని, "ఇప్పుడే దించేస్తానక్కా" అన్నాను.

"ఉండనీ," అన్నాడు బావ. "రేపు లేచి తిరిగే మనిషికి ఇవాళ దించడం దేనికి? మళ్ళీ ఎక్కించాలి."

అక్క ఆయన వంక చూసింది.  నేను స్టూలు మళ్ళీ పక్కకి జరిపేశాను.

మర్నాడు బావ పనికి వెళ్ళాక, అక్క తన కుట్టుబల్లమీది పొడుగాటి చెక్క స్కేలుతో కాగితాలను ఒక్కొక్కటే గీకి కింద పడేసింది. తీసి, తన చేయి అందే చోట అంటించింది. సాయంత్రం బావ వచ్చి, బూట్లు విప్పి, ఆ కాగితాలను తీసి మళ్ళీ పైన అంటించాడు. మర్నాడు మళ్ళీ స్కేలు. సాయంత్రం మళ్ళీ బావ. నేను వెళ్ళేసరికి కాగితాల అంచులు చిరిగి, టేపు మీద టేపు పడి, నా శ్రమ అంతా పొట్లాలు కట్టడానికి కూడా పనికిరాకుండా పోయింది. భోజనాల దగ్గర మాత్రం ఇద్దరూ ఉప్పు గురించీ కూర గురించీ మామూలుగానే మాట్లాడుకుంటున్నారు. గొడవంతా గోడమీదే.

"ఏమిటే ఇది?" అన్నాను అక్కతో, బావ ఇంట్లో లేనప్పుడు.

"మీ బావ లిఫ్టులు బాగుచేస్తారు కదా. లిఫ్టు అంటే పైకి వెళ్ళేదే అనుకుంటున్నారు. అది కిందికీ దిగుతుందని ఎవరైనా చెప్పండి," అంది.

నవ్వాను. ఆమె నవ్వలేదు.

"నిలబడే మనిషి కోసం గోడ సింగారిస్తున్నారే ఆయన. ఆ మనిషి వచ్చేదాకా నేనేదో ఇక్కడ అద్దెకున్నట్టుంది. నా ఇల్లు నాక్కావాలి. లేవలేనిదాన్నైనా సరే, నేనే ఈ ఇంటిదాన్నని ఆయన అనుకోవాలి."

నాకు ఏడుపొచ్చింది. ఏడుపొస్తే నాకు కోపమొస్తుంది. ఆ కోపంతోనే వీధిమెట్ల దగ్గర బావకి ఎదురువెళ్ళాను. పనిసంచీ భుజాన వేసుకుని వస్తున్నాడు, చేతులకి ఇంకా నూనె మరకలు.

"బావా, డాక్టరు చెప్పింది నువ్వూ విన్నావు కదా."

"విన్నాను. విన్నంత మాత్రాన ఒప్పుకోవాలా?"

"ఒప్పుకోకపోతే ఆ కాగితాలతో కుస్తీ పడుతూ కూర్చుంటావా?"

ఆయన మెట్టుమీద కూలబడ్డాడు. "కొలబద్దా, నీకు అది బొమ్మ. నేను నా చేతులతో దాన్ని కిందికి దించితే, ఇక అంతేనని నేనే తేల్చేసినట్టు. అందరూ తేల్చేశారు. నేనొక్కణ్ణైనా ఉండొద్దూ మీ అక్క పక్కన?"

తిట్టాలని వచ్చినదాన్ని, తిట్టలేకపోయాను. ఆయన చెప్పిందీ ప్రేమే. కానీ ఆ ప్రేమ లోపల కుర్చీలో ఉన్న మనిషికి అందడం లేదు.

చివరికి తగువు తీర్చింది అక్కే. సెలవురోజు మధ్యాహ్నం నన్ను పిలిపించి, బావనీ నన్నూ ఎదురుగా నిలబెట్టి చెప్పింది. "బొమ్మ ఆయన ఇష్టం. ఆయన చెప్పిన ఎత్తునే కొట్టండి. స్టాండ్లు మాత్రం నా ఇష్టం. వెలిగించేది నేను కాబట్టి నా చేతికి అందాలి."

"అక్కా, బొమ్మ అంత పైన, స్టాండ్లు ఇంత కింద పెడితే ఎవరైనా చూస్తే నవ్వుతారు. నా పని పరువు పోతుంది."

"నీ పరువు మీ దుకాణంలో పెట్టుకో. ఇది నా ఇల్లు."

బావ డ్రిల్లు తీశాడు. మా వంక చూడకుండా పని కానిచ్చాడు. అయ్యాక చూస్తే, గుండీలు ఒకదానికొకటి తప్పించి పెట్టుకున్న చొక్కాలా ఉంది ఆ గోడ. నా కళ్ళకి అంత అన్యాయమైన గోడ ఇంకోటి తగల్లేదు. వెళ్ళిపోదామనుకుని, అక్క "ఉండు" అంటే ఉండిపోయాను.

చీకటి పడుతుండగా ఆమె కుర్చీ నడుపుకుంటూ గోడ దగ్గరికి వెళ్ళింది. ఒక చిమ్నీ తీసి, కొవ్వొత్తి వెలిగించి, చిమ్నీ పెట్టింది. కుర్చీ తిప్పుకుని రెండోదీ వెలిగించింది. ఎవరి సాయమూ అడగలేదు. "లైటార్పండి," అంది. బావ ఆర్పాడు. పడిపోయినప్పటి నుంచీ ఆ ఇంట్లో అక్క మాటకి స్విచ్చు కదలడం అదే మొదలు. ఆమె ముఖంలో తెరిపి చూసి నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను.

వెలుగు ఆమె ఒళ్ళో పడింది, కుర్చీ చక్రాలమీద, నేలమీద, బావ మోకాళ్ళమీద పడింది. పైన బొమ్మ ఉన్న చోట మాత్రం నల్లటి పలక తప్ప ఏమీ లేదు. వీధీ లేదు, ఇళ్ళూ లేవు. బావ కాసేపు కూర్చునే తలెత్తి చూశాడు. తర్వాత లేచి నిలబడి, అద్దానికి మొహం ఆనించినంత దగ్గరగా వెళ్ళి చూశాడు. చేయి స్విచ్చు దాకా వెళ్ళి వెనక్కి వచ్చింది. అక్క ఇవేవీ చూడనట్టు కొవ్వొత్తుల వంకే చూస్తూ కూర్చుంది. ఆమె కావాలనే అలా పెట్టించిందా అని నాకు అనుమానం వచ్చింది. అడిగితే ఒప్పుకునే రకం కాదు.

మర్నాడు పొద్దున్నే ఫోను. "కొలబద్దా, ఒకసారి వచ్చి వెళ్తావా?" అన్నాడు బావ.

"మళ్ళీ ఏమైంది?"

"ఏం కాలేదు. బొమ్మ చీకట్లో ఉంది."

నేను వెళ్ళేసరికే ఫ్రేము కిందికి దింపేశాడు. స్టాండ్ల మధ్య, నేలమీద మోకాళ్ళు ఆనించి కూర్చుని, రెండు చేతులతో దాన్ని గోడకి అదిమి పట్టుకున్నాడు. నేను పెన్సిలు పట్టుకుని పక్కన కూర్చున్నాను. అక్క వెనక కుర్చీలోంచి, కాస్త పైకి, ఇంకాస్త కిందికి అని చెబుతోంది. మంట ఎంత దాకా వస్తుందో చూసుకుని, సరిపోయిన చోట ఆపమంది. బావ ఆపాడు. మొహం గోడకేసే ఉంది.

"ఇక నువ్వు లేవవు కదా," అన్నాడు.

నా చేతిలో పెన్సిలు ఆగిపోయింది. ఆ మాట ఆయన నోట నేను వినడం అదే మొదలు. అక్క కూడా అప్పటిదాకా విని ఉండదు.

"లేవనండీ," అంది అక్క.  బావ భుజాలు కదులుతున్నాయి, ఫ్రేము మాత్రం వదల్లేదు.

"ఎడమపక్క కాస్త ఎత్తండి," అంది ఆమె. "వంకరగా ఉంది."

బావ ఎత్తాడు.