ఊరుమ్మడి బీడు

సెయింట్ జార్జి పండుగ పొద్దున గేట్లకు పచ్చి కొమ్మలు కట్టి ఆవుల్ని వదిలాం. చలికాలమంతా కొట్టాల్లో మగ్గినవి, దారి ఎవరూ చూపనక్కర్లేదు. అందరికంటే ముందు సవేతా పిన్ని ఆవు. గురువారం పుట్టింది కాబట్టి మా భాషలో ఆ వారం పేరే పెట్టింది, జోయానా అని. బీడు దగ్గర కొత్తగా వెలిసిన కంచె తీగకు మూతి ఆనించి, కరెంటు కొట్టి, మోకాళ్ల మీద కూలబడింది.

కంచె అవతల కావలివాడు బీడును ఒక కంపెనీ కౌలుకు తీసుకుందన్నాడు. ఎవరిచ్చారంటే, మీ పశువుల సంఘమే, ముప్పైరెండు సంతకాలున్నాయన్నాడు. అలాంటి సంఘం ఒకటుందని మా ఆడవాళ్లకు అప్పుడే తెలిసింది.

నాకు ముందే తెలుసు. ఇంటింటికీ తిరిగి ఆ సంతకాలు పెట్టించింది నేనే. కాలేజీ చదువు చదివి పెరట్లో ఉల్లినారు నాటుకునేదాన్ని; మేయర్ గ్రోజావ్ వచ్చి, ఊరు నీ మాట వింటుందనేసరికి ఒళ్లు పొంగింది. మా గేటు దాకా తారు వేయిస్తానన్నాడు. మేత సబ్సిడీ కాగితమని అందరికీ చెప్పాను. చదవకుండా చెప్పానని ఇప్పుడు అనొచ్చు. చదివాను. తారు మాత్రం బాగా వేశారు, వానొచ్చినా చెప్పులకు బురద అంటదు.

జూన్‌కల్లా ఎండుగడ్డి అయిపోయింది. సవేతా పిన్ని జోయానాను సంతలో అమ్మేసి, ఉత్త పలుపు చేతికి చుట్టుకుని, మా తారు మీదుగానే ఇంటికి నడిచింది.

ఆ ఆదివారం చర్చి ముందు అందరూ పోగయ్యారు. మగవాళ్లు కోర్టుకెళ్దామన్నారు. తీర్పొచ్చేసరికి మేపడానికి ఎముకలే మిగుల్తాయంది అగ్లాయా, మా పక్కింటామె. పాపం ఒటీలియాను కూడా ఆ గ్రోజావ్ మోసం చేశాడని నా భుజం నిమిరింది. ఆ జాలి భరించలేక నిజం చెప్పేశాను.

సవేతా పిన్ని జనాన్ని తోసుకుని నా ముందుకొచ్చింది.

“తారు కోసమా? మాతో అంటే తలా ఓ తట్ట మోసి వేసేవాళ్లం గదే.”

చివరికి అగ్లాయానే, బీడు లేకపోతే ఏం, మేయరాఫీసు ముందు గడ్డి ఏపుగా ఉందంది.

మంగళవారం కౌన్సిల్ మీటింగు. ముప్పై ఒక్క ఆవులు ఆఫీసు పూలమడుల్లోకి దిగాయి. గ్రోజావ్ మెట్ల మీదికొచ్చి, చదువుకున్నదానివి నువ్వన్నా చెప్పమన్నాడు. చెప్పాను. అబద్ధమాడి పెట్టించిన సంతకాలు చెల్లవని, కౌలు రద్దయ్యేదాకా ఆవులు ఇక్కడే మేస్తాయని.

సాయంత్రానికి పోలీసులొచ్చి ఎవరు నడిపించారన్నారు. ఆవులే నడిచాయన్నారు ఆడవాళ్లు. గ్రోజావ్ నాకేసి వేలు చూపించాడు. జీపెక్కమన్నారు. పితికే వేళైంది, మా ఆవు దుమానా పొదుగు నిండి అరుస్తోంది.

ఆవు లేని సవేతా పిన్ని బకెట్ తెచ్చుకుని దుమానా పక్కన కూర్చుంది. ఏదో అనబోయాను.

“నిన్నేం క్షమించలేదు,” అంది తలెత్తకుండా. “రేపు కూడా ఇక్కడే పితుకుతాం.”

జీపు ఊరి చివర మలుపు తిరిగింది. ఎదురుగా పైఊరి మంద మా మేయరాఫీసు దారిన దిగి వస్తోంది. వాళ్ల బీడు చుట్టూ కూడా మొన్ననే కంచె గుంజలు పాతారు. డ్రైవరు హారన్ కొట్టాడు. ఆవులు దారివ్వలేదు. వెనక నడుస్తున్న ఆడవాళ్లూ ఇవ్వలేదు.