రెండు చేతులూ తాడు మీదే

పూతలపట్టులో బండి ఎక్కేముందు బాలచంద్ర భార్యను పక్కకు పిలిచాడు. "మాయమ్మ నీ బాధ్యత. ఆమెకేమన్నా అయిందో..." అని ఆపేశాడు. మిగతా మాట మోహన దారంతా తనే పూర్తిచేసుకుంటూ వచ్చింది, ఒక్కోసారి ఒక్కో రకంగా.

అత్త సుబ్బులమ్మకు అరవై నాలుగేళ్లు. కొండ అవతలి కోనలో ఉన్న తీర్థంలో ఒక్క మునకైనా వేయాలని పదేళ్లుగా పోరుతోంది. అక్కడికి పోవాలంటే కొండ వెన్ను మీద నూరడుగులు దాటాలి. వెడల్పు మూడడుగులు, రెండు పక్కలా లోయ. పట్టుకోవడానికి ఇనుప కడ్డీలకు కట్టిన తాడొకటి, అంతే. దేవుడు ఇంత ఇరుకు దారి చివర ఎందుకు కూర్చున్నాడో మోహనకు అర్థం కాలేదు. ఆ మాట అత్తతో అనే ధైర్యమూ లేదు.

దాటించే మనిషి నియాజ్. ఏళ్ల తరబడి ఈ దారిలో జనాన్ని నడిపిస్తున్నవాడు. దేవుడి దారని బూట్లు విప్పబోయిన సుబ్బులమ్మ చేత వాటిని మళ్లీ వేయించాడు. మోహన భుజాన ఎగురుతున్న చున్నీని నడుముకు బిగించి ముడేసుకోమన్నాడు.

"గాలి లేస్తాండాది. తాడు పక్కకి మొగం పెట్టి అడ్డంగా నడవండి. రెండు చేతులూ తాడు మీదే ఉండాల." తర్వాత సుబ్బులమ్మ వైపు తిరిగాడు. "అమ్మా, నీకే సెప్తాండా. అవతల గుంపోళ్లు గోవింద కొడతారు. నోటితో ఎన్నిసార్లయినా అను. చేతులు మాత్రం పైకెత్తొద్దు. పోయినేడు ఒకాయన ఎత్తినాడు. నేను పట్టుకోకుంటే ఆడికాడికే పోయుండేవాడు."

అత్త చేతుల సంగతి మోహనకు తెలుసు. ఆ పేరు చెవిన పడితే చాలు, అవి వాటంతట అవే లేస్తాయి. టీవీలో విని చేతులెత్తి చట్నీ గిన్నె నేలపాలు చేసిన మనిషి. ఆ గిన్నె సొట్ట ఇంకా పోలేదు.

ముందు నియాజ్, వెనక సుబ్బులమ్మ, చివర మోహన. వీపు వెనక ఏమీ లేదన్న సంగతి వీపుకే తెలుస్తోంది. మోహన కాళ్ల కింద రాయొకటి జారిపోయింది. అది కింద పడిన చప్పుడు ఎంతసేపటికీ వినబడలేదు. అయినా ఆమె చూపు అత్త చేతుల మీదనుంచి కదల్లేదు.

"అత్తా, తాడు వదలొద్దు."

"వదల్లేదులే మే. నీ కాళ్లు సూసుకో."

"గట్టిగా పట్టుకున్నావా?"

"యాడికీ పోలేదు, నడువు."

సరిగ్గా నడిమధ్యకు వచ్చేసరికి అవతలి గట్టునుంచి గొంతులు లేచాయి.

"ఏడుకొండలవాడా, వెంకటరమణా!"

"గోవిందా గోవింద!"

మోహన ఊపిరి బిగబట్టి చూసింది. అత్త పెదాలు కదిలాయి. చేతులు మాత్రం తాడు మీదే ఉన్నాయి. అమ్మయ్య అనుకుంది. అప్పుడు తెలిసింది, తన చేతులు రెండూ తలపైన జోడించి ఉన్నాయని.

కింద గులకరాళ్లు జారాయి. ఒళ్లు వెనక్కి ఒరిగింది. తాడు దూరమైపోయింది. అరుపు కూడా రాలేదు. నడుము దగ్గర చున్నీ ముడి చటుక్కున బిగుసుకుంది. ఎవరో బలంగా లాగారు. రొమ్ము వచ్చి తాడుకు కొట్టుకుంది. రెండు చేతులతో తాడును కావలించుకుంది.

చున్నీ ముడి సుబ్బులమ్మ గుప్పిట్లో ఉంది.

"అమ్మా, తాడు మీదనుంచి చెయ్యి తీసినావే!" నియాజ్ కేకేశాడు.

"ఒక చెయ్యి తాడు మీదే ఉండాది నాయనా." సుబ్బులమ్మ ముడి వదల్లేదు. "పొద్దున్నుంచీ దీన్నే కనిపెట్టుకోని వస్తాండా. మోహనకు భయమెక్కువ, నీ బాధ్యత అని నా కొడుకు సెప్పి పంపించినాడు."

మోహనకు ఏడుపు ఆగలేదు. మొగుడి మీద కోపం కూడా వచ్చింది, కానీ అది ఇంటికి పోయాక చూసుకోవచ్చు.

ఇంకా యాభై అడుగులు మిగిలి ఉన్నాయి. ఈసారి ఆమె అత్త చేతుల వైపు చూడలేదు. తన చేతులే చూసుకుంటూ, ఒకటి జరిపాకే రెండోది జరుపుతూ నడిచింది. గట్టు మీదివాళ్లు మళ్లీ గోవింద కొట్టారు. అత్తాకోడళ్లు ఇద్దరూ తాడు పట్టుకునే, గొంతెత్తి పలికారు.