శీలావతి కోసం చేసిన ఎర

మా కోడలు గవరమ్మకి నెల తప్పింది. సంతోషమే, కాదనను. కానీ ఆ సంతోషం మొదలైన దగ్గర్నించీ పిల్ల కడుపులో ఏదీ నిలవడం లేదు. గంజి పోస్తే గంజి బయటికే, రొట్టె ముక్క పెడితే రొట్టె ముక్క బయటికే. ఆఖరికి మంచినీళ్ళు తాగినా అంతే. కళ్ళు లోపలికి పోయి, చాపకి అతుక్కుపోయి పడుకునేది. కాంపౌండరు వచ్చి చూసి, ఇలాగే ఉంటే పోర్ట్‌బ్లెయిర్ తీసుకెళ్ళి సెలైను పెట్టించాలన్నాడు. ఎలా తీసుకెళ్తాం నాయనా? మా దీవిలో డిగ్లీపూర్ దాకా రోడ్డు ఇంకా రాని రోజులవి. జెట్టీ మీద తుఫాను జెండా ఎగురుతోంది. ఓడా లేదు, పడవా లేదు. ఓడ మీద ఖలాసీగా చేసే మా అబ్బాయి లక్ష్ముడు కూడా పోర్ట్‌బ్లెయిర్‌లోనే చిక్కుకుపోయాడు. నాకు నిజంగా భయం వేసింది.

అలాంటి సమయంలో ఓ పొద్దున్న పిల్ల కళ్ళు తెరిచి, "అత్తా, సేప పులుసు తినాలనుంది" అంది.

అడిగిందే చాలని లేచాను. కానీ చేప ఏదీ? మాది తాతల నాటి నుంచీ వేటకెళ్ళే ఇల్లు. మా దండెం మీద వలలు ఆరతాయి, మా వాకిట్లో పిల్లులు బలుస్తాయి. అలాంటి ఇంట్లో ఆ రోజు చేప తోక కూడా లేదు. ఎండు చేప ఉంది గానీ, దాని డబ్బా మూత తీస్తే చాలు పిల్ల వాంతికి లేస్తోంది.

మా పక్కింటి మండల్ దాదాకి ఓ చెరువు ఉంది. బెంగాల్ నుంచి వచ్చి, సర్కారు ఇచ్చిన భూమిలో పొలం చేసుకుంటూ, ఆ చెరువు తవ్వి అందులో శీలావతి చేపలు పెంచుకుంటున్నాడు. మంచివాడు. మాతో తిరిగి తిరిగి మా మాట కూడా నేర్చాడు. ఒకటే లోపం, నోట్లో నువ్వుగింజ నానదు. నేను వెళ్ళి సంగతి చెప్పగానే చేతులు పట్టుకున్నాడు.

"ఫికర్ మత్ కరో దీదీ. బహూకి చేప నేనే ఇస్తాను. లేకిన్ వల వెయ్యడానికి లేదు. దొంగలు వల వెయ్యకుండా అడుగంతా ముళ్ళకంపే పడేసినాను. గాలంతోనే పట్టాలి. నేను పడతాను."

అక్కడితో అయిపోవాల్సిన కథ. కానీ మా ఆయన పోలిరాజు నా వెనకాలే వచ్చి నిలబడ్డాడు. ఆయనకి చెరువు చేప అంటే చిన్నచూపు. బురద తిని బతికేది చేపేంటి, ఉప్పు తెలియని చేపకి రుచేంటి అని ఊరంతా చెప్పుకు తిరిగేవాడు. మండల్ దాదా ఏమో సముద్రపు చేప నీచు కంపు అనేవాడు. తా వలచింది రంభ, తా మునిగింది గంగ. ఇద్దరికిద్దరే.

"నువ్వెందుకు దాదా, నానున్నానుగా. సంద్రంలో కోనాం సేపని లాగినోడికి నీ గొయ్యి ఒక లెక్కా?" అన్నాడు మా ఆయన మీసం దువ్వుతూ.

మింగ మెతుకు లేదు గానీ మీసాలకి సంపెంగ నూనె అని నాలో నేను తిట్టుకున్నాను.

ఇంటికెళ్ళి కోనాం గాలం తెచ్చాడు. నా చూపుడు వేలంత ఉంటుంది అది. దానికి తీగ, తీగకి నిమ్మకాయంత సీసం గుండు. చెరువు గట్టు మీద నిలబడి, సముద్రంలో విసిరినట్టే తల చుట్టూ గిర్రున తిప్పి విసిరాడు. చెరువు ఎంతుంటుంది పాపం! గాలం చెరువు దాటింది, అవతలి గట్టు దాటింది, మండల్ దాదా పెరట్లో ఎక్కడో తట్టుకుంది.

"పడింది! పడిందే! పెద్దదే!" అని అరుస్తూ మా ఆయన లాగడం మొదలుపెట్టాడు. నీళ్ళలోంచి గళ్ళ గళ్ళగా ఏదో తేలింది. దగ్గరికొచ్చాక చూస్తే లుంగీ.

"దాదా, అది నాది. రేపు కట్టుకుందామని ఉతికి ఆరేశాను," అన్నాడు మండల్ దాదా ఎంతో మర్యాదగా.

నేను నవ్వలేదు. ఇంట్లో పిల్ల అలా పడి ఉంటే నాకు నవ్వెక్కడిది? లుంగీ పిండి ఇచ్చేశాక, మా ఆయన గట్టు మీద గొంతుక్కూర్చుని, తాటాకు గొడుగు పట్టుకుని, కదలడు, మెదలడు. చాలాసేపు చూశాను. ఇక ఉండబట్టలేక అడిగాను.

"ఏటయ్యా, ఏటి సూస్తన్నావు? ఇసరవేటి?"

"పోటు రానీవే కామమ్మా. పాటు మీద సేప తినదు."

ఓలమ్మో! చెరువుకి పోటంట! నలభై ఏళ్ళుగా వేట చేస్తున్నవాడు, అక్షరాలా చెరువు నీళ్ళు ఎక్కి దిగుతాయని కూర్చున్నాడు. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నించీ పోటూ పాటూ చూసే గాలం వేసినవాడు, నీళ్ళు కనబడితే చాలు పోటు కోసం చూస్తాడు. చెయ్యి దానంతటదే ఆగిపోతుంది కాబోలు. తిట్టాలంటే జాలేసింది, జాలిపడదామంటే ఒళ్ళు మండింది. చివరికి తిట్టాను.

"నీ పోటు పాడుగాను! ఇది సెరువయ్యా, సంద్రం కాదు! సెరువుకి పోటొచ్చిందంటే మనం మునిగిపోయినామనే!"

మండల్ దాదా తల పట్టుకున్నాడు. "దీదీ, ఈయన్ని వదిలెయ్. నేను ఎర చేస్తాను. మా శీలావతి మామూలు ఎర తినదు. బడా నఖ్రా, టెక్కు ఎక్కువ దానికి."

ఆయన భార్య మాలతి తుఫానుకి ముందే రంగత్‌లో అక్కగారింటికెళ్ళి అక్కడే ఉండిపోయింది. ఆయన పొయ్యి వానకి తడిసి మట్టిముద్ద అయింది. అందుకని మా పొయ్యి మీదే చేశాడు. ఆ ఎర చేసిన తీరు చూడాలి! మా వాళ్ళు సముద్రానికి చేప ముక్కో, రొయ్య ముక్కో గాలానికి గుచ్చి పారేస్తారంతే. ఈయన ముందు తవుడు దోరగా వేయించాడు. తర్వాత కాస్త ఆవచెక్క పొడి. తర్వాత వాము. దాంట్లో బెల్లం కరిగించి పోశాడు, ముగ్గిన అరటిపండు పిసికాడు, ఆఖరున నెయ్యి. నా నెయ్యే! అడిగితే, "బహూ కోసమే కదా దీదీ" అన్నాడు. అన్నీ కలిపాక పెరట్లోకి వెళ్ళి, మామిడిచెట్టు కొమ్మ వంచి, ఆకులు కుట్టుకుని ఉండే ఎర్రచీమల గూడొకటి తెంపి తెచ్చాడు. చీమలన్నీ దులిపేసి, తెల్లగా బియ్యపు నూకల్లా ఉన్న గుడ్లు ఆ ముద్దలో కలిపేశాడు.

"అసలు రుచంతా ఇందులోనే ఉంది," అన్నాడు.

మా అల్లుడికి కూడా నేనంత శ్రద్ధగా అరిసెలు చెయ్యలేదు. ఉండలు చేసి, సగం అరిటాకులో చుట్టుకుని చెరువుకి పట్టుకెళ్ళాం. మిగిలిన సగం పళ్ళెంలో పెట్టి, పిల్లి ముట్టకుండా గవరమ్మ పడుకున్న గదిలో గూట్లో పెట్టాను.

ఈసారి మండల్ దాదా తన వెదురు గెడ ఇచ్చాడు. సన్నదారం, చిన్నగాలం, తేలడానికి బెండు. "దాదా, బెండు మునిగితే మెల్లిగా ఎత్తు," అని చెప్పాడు. వింటాడా? సముద్రంలో దారం వేలికి చుట్టుకుని చేప తగిలిందీ లేనిదీ వేలితో తెలుసుకోవడమే మా వాళ్ళ అలవాటు. బెండు వైపు చూసేదేముంది? మా ఆయన కళ్ళు మూసుకుని, దారం వేలి మీద వేసుకుని కూర్చున్నాడు. బెండు మునిగింది, తేలింది, మళ్ళీ మునిగింది. చేపలు ఒక్కొక్కటే ఎర తిని వెళ్ళిపోతున్నాయి. నేను మొత్తుకున్నాను. చివరికి వేలికి తెలిసినట్టుంది, "జై గంగమ్మ తల్లీ!" అంటూ రెండు చేతులతో, పడవలోకి సొరచేపని లాగినట్టు లాగాడు.

చేప వచ్చింది. అబద్ధమెందుకు, మంచి శీలావతి, మూరెడు ఉంటుంది. మా ముగ్గురి తలల మీదుగా ఎగిరి, వెనకాల వాన నీళ్ళతో నిండి పారుతున్న కాలవలో పడింది. తోక ఒక్కసారి ఆడించి ఎటో పోయింది.

ముగ్గురం కాలవ గట్టుకి పరిగెత్తాం.

"పెద్దదేనే," అన్నాడు మా ఆయన.

 నేను నోరెత్తితే ఆ రోజు మా కాపురం ఏమయ్యేదో. ఆకులో ఎర అయిపోవచ్చింది, పళ్ళెంలోది తెస్తానని ఇంటికి బయల్దేరాను.  సముద్రం చుట్టూ ఉండి, చెరువు పక్కన ఉండి, కడుపుతో ఉన్న పిల్లకి చేప ముక్క పెట్టలేని బతుకు అనుకున్నాను.

గదిలోకి వెళ్ళేసరికి గవరమ్మ గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. ఒళ్ళో పళ్ళెం. పళ్ళెం ఖాళీ. ఆఖరి ఉండ బుగ్గలో ఉంది.

 చెంబు కోసం, బాల్చీ కోసం చుట్టూ చూశాను. వాంతి ఇప్పుడొస్తుంది, ఇప్పుడొస్తుంది అని నిలబడ్డాను. రాలేదు. పిల్ల నెమ్మదిగా నమిలి, మింగి, వేళ్ళు నాక్కుంది.

"అత్తా, ఎంత బాగుందో! ఇంకా ఉన్నాయేటి?"

ఏం చెప్పను? చేపల కోసం చేసిన ఎర, అందులో చీమ గుడ్లున్నాయి అంటే ఆ క్షణమే అంతా బయటికొచ్చేస్తుంది. "అదా... అది మండల్ దాదా ఇంటి పెసాదమమ్మా. వాళ్ళ దేవుడిది," అన్నాను. నోటికొచ్చింది అదే. చెంపలేసుకుని, పిల్లని పడుకోబెట్టి, మళ్ళీ చెరువుకి పరిగెత్తాను.

సంగతి వినగానే మండల్ దాదా మొహం పాలిపోయింది. "అరే బాప్‌రే! చీమ గుడ్లు..." అని మొదలుపెట్టాడు. పైటచెంగు ఆయన నోటికి అడ్డం పెట్టాను. "ఆ మాట మళ్ళీ నోటెంట వచ్చిందంటే నీ సెరువులో మా ఆయన్ని రోజూ కూకోబెడతాను," అన్నాను. ఆ బెదిరింపు బాగా పనిచేసింది.

ఆకుకి అంటుకున్న ఎరంతా గీకి మండల్ దాదా తనే గాలం వేశాడు. ఎక్కువ సేపు పట్టలేదు. మెల్లిగా మునిగింది బెండు, మెల్లిగానే ఎత్తాడు, మెల్లిగానే గట్టు మీద పెట్టాడు, వెర్రి కేక ఒక్కటీ లేకుండా. మా ఆయన మాత్రం దాన్ని ఇంటిదాకా తనే మోసుకొచ్చాడు. దారిలో ఎవరైనా చూసి తను పట్టాడనుకుంటే అనుకోనీ అని కాబోలు.

పులుసు పెట్టాను. చింతపండు చిక్కగా తీసి, మెంతులు వేయించి, ఉల్లిపాయ నూరి, నూనె పైకి తేలేదాకా మరిగించాను. పసుపూ కారం పట్టించిన ముక్కలు ఆఖర్న వేసి, గరిటె పెట్టకుండా దాకనే పట్టి తిప్పాను. వాసనకి వీధి చివరి కుక్క కూడా వచ్చింది. గిన్నెలో మంచి నడుం ముక్క వేసి గవరమ్మకి పట్టుకెళ్ళాను. వాసన చూసింది, ఒక్క చుక్క నాలిక మీద వేసుకుంది. మొహం తిప్పేసింది.

"ఇది వద్దత్తా."

"నువ్వడిగిందే కదే తల్లీ!"

"అడిగినాను గానీ, ఇప్పుడు సయించట్లేదు. ఆ ఎర ఉందా?"

గిన్నె కింద పెట్టేశాను. "ఏ ఎర?" అన్నాను.

"మండల్ దాదా సేపలకి సేసినాడు కదా, అదే. మీరందరూ పొయ్యి కాడ గోల గోల సేస్తుంటే తలుపు సందులోంచి సూస్తనే ఉన్నాను. వాసనకి ఆకలేసింది. ఎన్నాళ్ళకో ఆకలేసిందత్తా! సేప తినే లోపల నానే తినేద్దామని తినేసినాను." సిగ్గుపడి తల దించుకుంది. తర్వాత మెల్లిగా, "సీమ గుడ్లు కాస్త ఎక్కువ ఎయ్యమను. పుల్లపుల్లగా అవే బాగున్నాయి," అంది.

అంత అబద్ధమాడి, దేవుడి పేరు కూడా వాడేసి, చివరికి దొంగనయింది నేను. అయినా నాకు కోపం రాలేదు. పిల్ల తల పట్టుకుని ముద్దు పెట్టుకున్నాను.

పులుసు సంగతి అడుగుతారేమో. దాక ముందు మా ఆయన కూర్చున్నాడు. బురద తినే చేప, ఉప్పు తెలియని చేప అన్న మనిషి తలకాయ చీకాడు, ముల్లు ముల్లూ నాకాడు, పులుసంతా అన్నంలో పోసుకుని ఇంకొంచెం అన్నాడు. "బురదోసన ఏదయ్యా?" అని అడిగితే, "పులుసు మంచిదే, సేపదేటుంది," అన్నాడు. ఆడలేనమ్మ మద్దెల ఓడు అన్నట్టు, ఆయన ఓడిపోయింది ఎప్పుడు గనక!

తెల్లారాక, సంగతి చెప్పగానే మండల్ దాదా మళ్ళీ మా పొయ్యి మీద తవుడు వేయించడం మొదలుపెట్టాడు. నేను నెయ్యి తీశాను. కానీ చీమ గుడ్లు? కిందికొమ్మ గూడు నిన్ననే అయిపోయింది. ఇక ఉన్నవన్నీ పైకొమ్మల్లో. మండల్ దాదాకి మోకాళ్ళ నొప్పి. నేను మా ఆయన వైపు చూశాను. మండల్ దాదా కూడా చూశాడు. చాప మీంచి లేచి వచ్చి, తలుపు పట్టుకుని నిలబడి గవరమ్మ కూడా చూసింది.

"ఏటి, అందరూ నా ఏపు సూస్తారేటి?" అన్నాడు మా ఆయన.

ఎక్కాడు. సముద్రం మీద గాలివానలో తెరచాప కొయ్య ఎక్కిన మనిషే. కానీ తెరచాప కొయ్యకి ఎర్రచీమలుండవు కదా. గూడు అందుకున్నాడో లేదో, చీమలు చేతుల మీదుగా దిగి, మెడ మీదుగా పాకి, లుంగీలోకి దూరాయి. ఒక చేత్తో కొమ్మ పట్టుకుని, ఇంకో చేత్తో గోక్కుంటూ, కొమ్మ మీదే గంతులు వేస్తూ అరిచాడు.

"ఓలమ్మో! ఒసే కామమ్మా! దాని కడుపులో ఉన్నది మనవడు కాదే, శీలావతే! శీలావతే!"

గవరమ్మ నవ్వింది. నెల తప్పినప్పటి నుంచీ ఆ పిల్ల నవ్వు నేను వినలేదు. తలుపు పట్టుకుని, పొట్ట పట్టుకుని, కూలబడి మరీ నవ్వింది. మండల్ దాదా గుడ్లు లేకుండానే చేసిన మొదటి వాయి ఉండలు అప్పటికే దాని చేతిలో ఉన్నాయి. తింటూనే నవ్వింది, నవ్వుతూనే తింది. నవ్వీ నవ్వీ ఎక్కిళ్ళొచ్చాయి. నేను చెంబుతో నీళ్ళిచ్చాను. గటగటా తాగింది. నేను పక్కనే కూర్చుని, బాల్చీ దగ్గర పెట్టుకుని చూశాను.

నీళ్ళు కూడా నిలిచాయి.