అవ్వ ఇవ్వని పాట

మా తమ్ముడు ఎళిలరసన్ బ్యాండు మొదటి పాట శుక్రవారం విడుదలైంది. శనివారానికల్లా మురుంగపాక్కంలో మా వీధంతా దాన్నే వింటోంది. నాకు మాత్రం కడుపు మండిపోయింది. వాడితో కలిసి అందులో పాడింది మా అవ్వ జయమ్మాళ్. పాడిన పాట నాది.

నాది అని ఎందుకంటున్నానంటే, ఆరేళ్ళుగా దాన్ని నేర్పమని అవ్వ వెంట పడుతున్నది నేను. మడికి నీళ్ళు కట్టేటప్పుడు అవ్వ పుట్టింటి ఆడవాళ్ళు పాడుకున్న పాట అది. మేమంతా తమిళ బళ్ళలో చదివినవాళ్ళం; ఇంట్లో తెలుగు మాట్లాడటమే గాని, చదవడం ఎవరికీ రాదు. ఆ పాట రాసుకోవడానికే నేను పుస్తకం కొని అఆలు దిద్దాను. ఆఫీసు నుంచి రాగానే నోటుబుక్కు పట్టుకుని అవ్వ ముందు కూర్చునేదాన్ని. "రేపు చెప్తాలే విజీ" అనేది. అడగందే అమ్మైనా పెట్టదంటారు. నేను అడిగి అడిగి అలిసిపోయాను, నోటుబుక్కులో ఒక్క ముక్క పడలేదు.

వాడేమో తెలుగులో ఓనమాలు రానివాడు. సోలై నగర్‌లో స్నేహితుడి మేడ మీద డ్రమ్ములు, గిటార్లు మోగించి చుట్టుపక్కల వాళ్ళ చేత తిట్లు తినేవాడు. వాడికి అవ్వ పాట ఇచ్చింది చాలక, ఆటో ఎక్కి వెళ్ళి మైకు ముందు నిలబడింది కూడా. ఫోన్లో పాట కింద ఇద్దరి పేర్లూ పక్కపక్కన చూసి నాకు ఏడుపొచ్చింది.

"ఎట్లుండాది అక్కా?" అని అడిగాడు వాడు.

"డ్రమ్ముల గోల ఎక్కువ" అన్నాను. నిజానికి చాలా బాగుంది. అదే నా బాధ.

ఆదివారం అవ్వ వాకిట్లో మునగాకు దూస్తుంటే వెళ్ళి నిలదీశాను. "నాకు ఆరేళ్ళుగా చెప్పని పాట వాడికెట్లా చెప్తివి అవ్వా?"

అవ్వ తలెత్తలేదు. "వాడు యాడ అడిగినాడు? చిన్నప్పుడు విన్న రెండు ముక్కలు పట్టుకొని గిటారు మీద ఒకటే పరుగు. మడిలో నీళ్ళు అట్లా పరిగెత్తితే నారు నిలుస్తాదా? వినలేక, ఇట్లారా అని నిదానంగా పాడి చూపించినా. ఒకసారి మొదలుపెట్టినాక, అప్పరం ఆపేదానికి మనసు రాలా."

"మరి నేను అడిగితే?"

"అడిగినోళ్ళకి రేపు చెప్పొచ్చు. తప్పు పాడేవోణ్ణి ఎట్లా ఇడిసేది?"

ఆరేళ్ళు బుద్ధిగా కూర్చున్నందుకు నాకు దక్కింది ఇదా! విసురుగా లోపలికి వెళ్ళబోయి, గుమ్మం దగ్గర ఆగాను. వెనక్కి తిరిగి, "మడవ తెరిస్తి నీళ్ళమ్మా, మెల్లగ రావే నీళ్ళమ్మా" అని గుక్క తిప్పుకోకుండా గబగబా పాడేశాను.

అవ్వ చేట పక్కన పెట్టి తొడ మీద చరుచుకుంది. "అయ్యో అయ్యో, ఏందే ఆ పరుగు! కూచో ముందు."

పాడటం మొదలుపెట్టింది. బ్యాండు పాటలో ఉన్న రెండు చరణాలూ అయిపోయినా ఆగలేదు. మడి తడిసింది, ఇంక ఇంటికి పోవమ్మా అని నీళ్ళమ్మను బతిమాలే మూడో చరణం అందుకుంది. నా నోటుబుక్కు లోపలుంది. లేస్తే ఎక్కడ ఆపేస్తుందోనని కదలకుండా కూర్చుని విన్నాను.

పాడటం అయ్యాక అవ్వ కొంగుతో మూతి తుడుచుకుంది. "అరె, ఈ చివరిది వాడికి చెప్పనే లేదే! సాయంత్రం రానీ, చెప్తా."

"వద్దవ్వా" అన్నాను. "వాడు అడిగితే, రేపు చెప్తాలే అను."